మడమల పగుళ్లు: ఎలా రుద్దాలి, ఎక్కడ ఆపాలి?

చలికాలం వస్తే మా ఇంట్లో దుప్పటి దారాలు మడమలకు పట్టుకుని లేస్తాయి. మా అత్తగారివి, మా ఆయనవి, అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగే మా అన్నయ్యవి, అందరి కాళ్లూ చివరికి నా ముందుకే వస్తాయి. రావడం కూడా మామూలుగా రావు. ఒకరు బాత్రూం గచ్చుకేసి రుద్దుకుని వస్తారు, ఇంకొకరు బ్లేడుతో చెక్కుకుని వస్తారు. ఉన్న పగులు బాగుచేయడం కంటే వీళ్లు చేసుకొచ్చిన ఘనకార్యం సర్దడమే పెద్ద పని.

కావలసినవి: రెండు పాదాలూ పట్టే టబ్బు, గోరువెచ్చని నీళ్లు, మూతెడు షాంపూ, కాళ్లు రుద్దే ప్యూమిస్ రాయి, పాత తువ్వాలు, వాసెలిన్, నూలు సాక్సులు. అంతే. నిమ్మరసం, వంటసోడా వద్దు. పగుళ్లలో నిమ్మరసం పడితే ఎలా ఉంటుందో ఒకసారి చూసినవాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తరు.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ పద్ధతి కాదు. నానబెట్టడం, రాయి పెట్టడం రెండూ వద్దు. మా అత్తగారికి షుగర్ ఉంది. ఆవిడ కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, సందుల్లోకి పోకుండా వాసెలిన్ రాస్తాను. రోజూ రాత్రి అరికాళ్లు చూస్తాను. ఒకసారి మడమలో చీపురు పుల్ల ముక్క దిగబడి కనిపించింది. ఎప్పుడు గుచ్చుకుందో ఆవిడకు తెలియనే తెలియదు. డాక్టర్లు సన్నటి నైలాన్ పోగును అరికాలికి ఆనించి స్పర్శ ఉందో లేదో చూస్తారు. ఏడాదికి ఒకసారైనా ఆ పరీక్ష చేయించండి. ఆనెలకు అంటించే పట్టీలు కూడా వీళ్లు సొంతంగా వాడకూడదు. వాటిలో ఉండే శాలిసిలిక్ యాసిడ్ మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది.

మిగతావాళ్లు రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టండి. పొద్దున చేసేవాళ్లున్నారు, రాసిన వాసెలిన్ అంతా చెప్పులకు పూసి వస్తారు. పాదాలు పది నిమిషాలు నానాలి. టీవీ చూస్తూ అరగంట కూర్చోకండి. ఎక్కువ నానితే ఏది చచ్చిన చర్మమో, ఏది మంచిదో రాయికి తెలియదు.

ఇక రుద్దడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

ముందు నీరు కారకుండా తువ్వాలుతో అద్దండి. రాయిని తడిపి, మడమ అంచు మీద ఒకే వైపుకి, పగులు పొడవునా లాగండి. పగులుకి అడ్డంగా లాగితే దాని పెదాలు విచ్చుకుని ఇంకా లోతుకు చీలుతుంది. బలం వాడొద్దు, రాయి బరువు చాలు. ఎరేజర్ పొట్టులాంటిది బూడిద రంగులో ఉండలు ఉండలుగా వస్తుంది. పదిసార్లు లాగాక ఆగి, బొటనవేలితో తడిమి చూడండి. గరుకు తగ్గి, చర్మం కాస్త మెత్తగా తగిలితే ఆ కాలు అయిపోయినట్టే. గులాబీ రంగు కనిపించినా, చురుక్కుమన్నా అప్పటికే ఎక్కువైపోయింది.

"ఇంకాస్త ఉంది, అది కూడా తీసేద్దాం" అనిపిస్తుంది చూడండి, అప్పుడే రాయి పక్కన పెట్టాలి. మడమ మన బరువంతా మోసేది, అక్కడ కొంత మందం ఉండాల్సిందే. పూర్తిగా గీకేస్తే నడక ఒత్తిడికి చర్మం మళ్లీ గట్టిపడుతుంది, ఆ గట్టి చర్మమే మళ్లీ పగులుతుంది. నాలుగు నెలల మందాన్ని ఒక్క రాత్రిలో తీయాలని చూడకండి. వారానికి ఒక్కసారి, నాలుగైదు వారాలు. లేచి ఉన్న తొక్కను గోటితో లాగొద్దు, అది లోపలి పచ్చి చర్మం దాకా చీల్చుకుంటూ పోతుంది. నెయిల్ కట్టర్‌తో అంచు వరకే కత్తిరించండి. రక్తం వస్తున్న పగులు మీద రాయి అసలు పెట్టొద్దు. దానికి వాసెలిన్ మాత్రమే. చుట్టూ ఎరుపు, వాపు, చీము ఉంటే డాక్టరుకు చూపించండి.

తరువాత, పాదం ఇంకా చెమ్మగా ఉండగానే వాసెలిన్ దట్టంగా పట్టించి సాక్సులు తొడగండి. అరికాలి చర్మంలో చెమట గ్రంథులే తప్ప నూనె గ్రంథులు ఉండవు. అందుకే ముఖం జిడ్డోడే మనిషికి కూడా మడమలు ఎండుతాయి. వాసెలిన్ తేమను పెట్టదు, ఉన్న తేమను పోనివ్వదు. పూర్తిగా ఆరిన కాలికి రాస్తే లోపల పట్టి ఉంచడానికి ఏముంది? అత్తగారిది కొబ్బరినూనె పార్టీ. తప్పు కాదు గానీ, తెల్లారేసరికి సగం దుప్పటికే పోతుంది. మందం మరీ ఎక్కువైతే 20 శాతం యూరియా ఉన్న క్రీము బాగా పనిచేస్తుంది, కానీ తెరుచుకున్న పగుళ్లకు మంట. డబ్బా మీద బొమ్మ చూసి ఖరీదైన ఫుట్ క్రీములు కొనేవాళ్లు వెనక యూరియా శాతం ఎంతుందో చదవరు.

వాసెలిన్ మాత్రం ప్రతి రాత్రీ రాయాలి. నెల దాటినా తగ్గకపోతే, ముఖ్యంగా ఒక్క పాదమే పొడిపొడిగా పొట్టు రాలుతుంటే, అది పగుళ్లు కాదు, ఫంగస్ కావచ్చు. చర్మం డాక్టరుకి చూపించండి.

సాక్సులతో టైల్స్ మీద నడవకండి. మంచినీళ్లు, ఫోన్ ఛార్జర్ ముందే మంచం దగ్గర పెట్టుకుని కూర్చోండి. పోయినేడు మా అన్నయ్య వాసెలిన్ సాక్సులతో ఫ్రిజ్ దాకా వెళ్లబోయి, ఫ్రిజ్ తలుపు పట్టుకుని వేలాడాడు. తలుపు అరలో ఉన్న పెరుగు గిన్నె కింద పడింది. వంగి తుడిచింది ఎవరో చెప్పక్కర్లేదు.