పాడ్‌కాస్ట్‌కీ ఇంట్లో రికార్డింగ్‌కీ ఏ కనెక్షన్ మైకు తీసుకోవాలి? 3.5 ఎంఎం, యూఎస్‌బీ, ఎక్స్ఎల్ఆర్

తిరుపతిలో ఈమధ్య పాడ్‌కాస్ట్ పెడదాం అనుకునే వాళ్ళు చాలామంది కనిపిస్తా ఉన్నారు, యూనివర్సిటీ హాస్టల్లో పిల్లలు కొందరు, ఇంట్లో అన్నమయ్య కీర్తనలు పాడి యూట్యూబ్‌లో పెట్టే అక్కలు కొందరు, అందరూ అడిగేది ఒకటే, "అన్నా, యూఎస్‌బీ మంచిదా ఎక్స్ఎల్ఆర్ మంచిదా?" అని. యూఎస్‌బీ మైకు అంటే ల్యాప్‌టాప్‌కి నేరుగా గుచ్చేది, ఎక్స్ఎల్ఆర్ అంటే స్టూడియోల్లో వాడే మూడు పిన్నుల ప్లగ్గుది. నేను తిరిగి అడిగేదీ ఒకటే: ఒకేసారి ఎన్ని గొంతులు రికార్డ్ చేయాలి? అది తేలితే సగం పని అయిపోయినట్టే. సౌండ్ బాగుండడం అనేది ప్లగ్గు ఆకారాన్ని బట్టి రాదు, మైకు లోపల గొంతుని పట్టే క్యాప్సూల్, మీ రూము, మీ నోరు మైకుకి ఎంత దగ్గర ఉంది, వీటిని బట్టి వస్తాది.

మొదట: గొంతులు లెక్కపెట్టండి

మీరొక్కరే మాట్లాడతారా, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారా, పాటతో పాటు హార్మోనియమో వీణో వేరే ట్రాకులో కావాలా? ఒక కాగితం మీద రాసుకోండి. ఏదో ఒకరోజు పదిమందిని పిలుస్తాం అని కాదు, వచ్చే ఆరు నెలల్లో నిజంగా చేసేది రాయండి. ఒక్క గొంతే అయితే యూఎస్‌బీ చాలు, దాని గురించి ఇంకా ఆలోచించి తల పగలగొట్టుకోవద్దు. రెండు, అంతకన్నా ఎక్కువ అయితే ఎక్స్ఎల్ఆర్ వైపు చూడాల్సిందే.

ఫోన్లోనే రికార్డ్ చేసేవాళ్ళకి

3.5 ఎంఎం జాక్ కాలర్ మైకులు అన్నింటికన్నా చవక. కానీ కొనేముందు ప్లగ్గు మీద నల్ల గీతలు ఎన్ని ఉన్నాయో చూడండి. రెండు గీతలుంటే టీఆర్ఎస్, కెమెరాకి. మూడు గీతలుంటే టీఆర్ఆర్ఎస్, ఫోన్‌కి. రెండు గీతలది తెచ్చి ఫోన్లో పెడితే ఫోన్ దాన్ని మైకుగా గుర్తించదు, గమ్మున తన సొంత మైకుతోనే రికార్డ్ చేసేస్తాది, మీరేమో కాలర్‌కి పెట్టుకున్న మైకు పని చేస్తా ఉంది అనుకుంటారు. కనిపెట్టడం సులువు, రికార్డింగ్ ఆన్ చేసి కాలర్ మైకుని గోటితో మెల్లగా గీకండి, తర్వాత ఫోన్ అడుగున గీకండి, ఏది గట్టిగా వినిపిస్తే ఆ మైకే పని చేస్తా ఉన్నట్టు. బోయా ఎం1 లాంటి వాటికి తీగ మీద చిన్న స్విచ్ ఉంటాది, ఫోన్‌కి ఒక పక్క, కెమెరాకి ఇంకో పక్క, అది కూడా చూసుకోండి.

ఇప్పుడు చాలా ఫోన్లకి ఆ జాకే లేదు, ఐఫోన్‌కి 2016లోనే తీసేశారు. అప్పుడు ఛార్జింగ్ పెట్టే చోటే గుచ్చే మైకు తీసుకోవడమే మేలు, ఎక్కువ ఫోన్లకి టైప్‌సీ, ఐఫోన్ 14 దాకా అయితే లైట్నింగ్. తిరుచానూరు రోడ్డు మీద నడుస్తా ఇంటర్వ్యూ తీయాలంటే, రిసీవర్ ఫోన్‌కి గుచ్చే వైర్‌లెస్ మైకులు హాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకుని మాత్రం పాటకి వాడొద్దు, అది ఫోన్ కాల్ కోసం చేసింది, గొంతులో ఉన్న నాణ్యత అంతా కోసేసి పంపిస్తాది, పైగా ఆలస్యంగా.

ఒక్కరే, ల్యాప్‌టాప్‌తో అయితే

యూఎస్‌బీ మైకులో గొంతుని డిజిటల్‌గా మార్చే సర్క్యూట్ లోపలే ఉంటాది, తీగ పెడితే పని మొదలు. కొనేటప్పుడు ఒక్కటి తప్పనిసరిగా చూడండి, మైకుకే హెడ్‌ఫోన్ జాక్ ఉందా లేదా. పాడేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే శృతి ట్రాకు వింటా పాడుతున్నప్పుడు మన గొంతు ల్యాప్‌టాప్ చుట్టూ తిరిగి కొంచెం లేటుగా చెవికి వస్తే తాళం తప్పిపోతాం, ఆ జాక్ నుంచి డైరెక్టుగా వింటే ఆ ఇబ్బంది ఉండదు.

ఇద్దరికి రెండు యూఎస్‌బీ మైకులు కొంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఆడాసిటీ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒకసారికి ఒక్క డివైస్ నుంచే రికార్డ్ చేస్తాది. మ్యాక్‌లో రెండింటినీ కలిపే సెట్టింగ్ ఉంది గానీ, ఒక్కో మైకుకి దాని సొంత క్లాక్, అంటే లోపలి గడియారం, ఉంటాది, ఆ రెండూ సరిగ్గా కలవకపోతే గంటసేపు మాట్లాడేసరికి ఒక ట్రాకు ముందు, ఒక ట్రాకు వెనక అయిపోతాయి.

ఇద్దరు ముగ్గురు ఉంటే ఎక్స్ఎల్ఆర్

దీని ప్లగ్గులో మూడు పిన్నులు. ఒకటి గ్రౌండు, మిగతా రెండింట్లోనూ మీ గొంతే, ఒకదాంట్లో నేరుగా, రెండోదాంట్లో తిరగేసి. దారిలో ఇన్వర్టర్ వల్లో ఫ్యాన్ రెగ్యులేటర్ వల్లో గరగర వచ్చి చేరితే అది రెండు తీగల్లోనూ ఒకేలా చేరతాది, చివర్లో ఇంటర్‌ఫేస్ (మైకుకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య పెట్టే డబ్బా) ఆ రెండింటి మధ్య తేడా మాత్రమే తీసుకుంటాది కాబట్టి గరగర కొట్టేసుకుపోయి గొంతు మిగులుతాది. అందుకే కేబుల్ పది మీటర్లున్నా భయం లేదు.

దీనికి ఆడియో ఇంటర్‌ఫేస్ అనే డబ్బా వేరుగా కొనాలి, ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. డబ్బా మీద "రెండు ఇన్‌పుట్లు" అని ఉంటే రెండు మైకులు అని అర్థం కాదు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోకి గానీ బెరింగర్ యూఎం2కి గానీ మైకు ఒక్కటే పెట్టగలం, రెండోది గిటార్ లాంటి వాటికి. ఇద్దరికైతే స్కార్లెట్ 2ఐ2 లాంటిది, రెండు మైకు ప్రీయాంప్‌లు (మైకు సిగ్నల్‌ని పెంచేవి) ఉన్నది అడగండి.

మైకుల్లో రెండు రకాలు, కరెంటు ఇస్తేనే పని చేసి చిన్న శబ్దాన్నీ పట్టేది కండెన్సర్, కరెంటు అక్కర్లేనిది డైనమిక్. కండెన్సర్ మైకు అయితే ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల బటన్ నొక్కాలి, దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు. మైకు గుచ్చాకే నొక్కండి, తీసేముందు ఆపేయండి, ఆ టైంలో స్పీకర్ సౌండ్ తగ్గించి పెట్టండి, లేకపోతే ఢబ్బుమని కొడతాది. డైనమిక్ మైకుకి ఆ బటన్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో స్టాండు, స్పాంజితో కలిపి కిట్టుగా చవగ్గా అమ్మే కండెన్సర్లు కొన్నింటికి ఒక చివర ఎక్స్ఎల్ఆర్, ఇంకో చివర 3.5 ఎంఎం ఉన్న తీగ ఇస్తారు, దాంతో ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో పెడితే సరిపడా కరెంటు అందదు, గొంతు బావిలోంచి వచ్చినట్టు వస్తాది. పెద్ద పేరున్న మైకులకీ లెక్క ఉంది, ప్రతి పాడ్‌కాస్ట్‌లో కనిపించే షూర్ ఎస్ఎం7బీకి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్, అంటే సిగ్నల్‌ని అంత పెంచడం, కావాలని కంపెనీయే చెప్తాది, చిన్న ఇంటర్‌ఫేస్‌లు కొన్నింటితో అది అందుకోవడం కష్టం.

ఇప్పుడు ఒక్కరు, తర్వాత ఇద్దరు అయితే

యూఎస్‌బీ, ఎక్స్ఎల్ఆర్ రెండూ ఉన్న మైకు తీసుకోండి, నా మాట నమ్మండి. శామ్సన్ క్యూ2యూ, ఆడియో టెక్నికా ఏటీఆర్2100ఎక్స్, కొంచెం ఖర్చు పెట్టగలిగితే షూర్ ఎంవీ7. ఈ మూడూ డైనమిక్‌లే, మన బైరాగిపట్టెడ లాంటి చోట్ల పక్కింటి కుక్కర్ విజిలూ రోడ్డు మీద ఆటో హారనూ కండెన్సర్‌లో పడినంతగా వీటిల్లో పడవు, నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుంటే చాలు. రేపు ఇంటర్‌ఫేస్ కొన్నప్పుడు అదే మైకుని ఎక్స్ఎల్ఆర్ తీగతో పెట్టుకోవచ్చు.

తెచ్చాక

రిటర్న్ గడువు ఉండగానే టెస్ట్ చేయండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ కింద కొత్త మైకు పేరు ఉందో లేదో చూసి, ఫ్యాన్ ఆపి, మాట్లాడకుండా కాసేపు రికార్డ్ చేసి హెడ్‌ఫోన్‌లో వినండి. గుయ్‌మని వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద మళ్ళీ రికార్డ్ చేయండి. మోత పోయిందంటే మైకు బాగున్నట్టే, ఛార్జర్ దగ్గర ఎర్తింగ్ సరిగ్గా లేదు, వేరే మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టి చూడండి. పోకపోతే తీగ మార్చి చూడండి, అప్పటికీ ఉంటే మైకు వెనక్కి పంపేయండి.