ఇన్‌స్టాలేషన్ గైడ్ బయటికి పంపే ముందు

- మీ ల్యాప్‌టాప్‌లో పనిచేసింది కదా అని వదిలేయకండి. అందులో పాత సెట్టింగులు ఎన్నో ఉంటాయి. ఖాళీ వర్చువల్ మెషిన్ (మీ కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) తీసుకుని, గైడ్‌లో లేని కమాండ్ ఒక్కటి కూడా కొట్టకుండా, మొదటి నుంచి చివరిదాకా చేసి చూడండి.
- డేటా చెరిపేసే కమాండ్ ఉంటే హెచ్చరిక దాని కంటే ముందే రావాలి. కింద పెడితే అది చదివేసరికి డేటా పోయి ఉంటుంది.
- స్క్రీన్‌షాట్లలో పాస్‌వర్డ్, టోకెన్ (పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య కోడ్) లేవుగా?
- సాఫ్ట్‌వేర్ వర్షన్ నంబర్ రాశారా?
- అన్నిటికంటే ముఖ్యం ఇది. అమీర్‌పేటలో కోర్సు ముగించి మాదాపూర్‌లో కొత్తగా చేరినవాళ్లు ఎవరినైనా గైడ్ ఇచ్చి కూర్చోబెట్టి, మీరు నోరు విప్పకుండా, ఎక్కడ ఆగుతున్నారో రాసుకోండి. 1980లలో ఐబీఎంలో పరిశోధకుడు జాన్ కారోల్ బృందం గమనించింది కూడా ఇదే, జనం మాన్యువల్ వరసగా చదవరు, నేరుగా పనిలోకి దూకేస్తారు. అందుకే తప్పు జరిగితే వెనక్కి ఎలా రావాలో ఆ స్టెప్పు దగ్గరే రాయండి.