పక్కపక్క రన్‌వేల మీద అప్రోచ్: లోకలైజర్ దాటిపోకుండా ఏం చేయాలి

ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలు దారి చూపుతుంటే రన్‌వే మీదికి దిగే పద్ధతి) అప్రోచ్ ఎన్నిసార్లు చేసి ఉన్నా, పక్క రన్‌వేకి ఇంకో విమానం మనతో సమానంగా దిగుతోందంటే ఆ టెన్షన్ వేరు. కొత్తగా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (పరికరాలను బట్టి విమానం నడిపే అర్హత) వచ్చినవాళ్లు ఫైనల్ (రన్‌వేకి సూటిగా దిగే చివరి దశ) మీద పక్క విమానం ఎక్కడుందా అని కిటికీలోంచి వెతుక్కుంటూ ఉంటారు గానీ, అసలు గండం అంతకుముందే, లోకలైజర్ (రన్‌వే మధ్యగీతకు సూటిగా దారి చూపే ఐఎల్ఎస్ సంకేతం) మీదికి తిరిగే టర్న్‌లో ఉంటుంది.

చిన్న లెక్క చూడండి. రెండు విమానాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దిగాలంటే ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నిబంధనల ప్రకారం రన్‌వేల మధ్యగీతల నడుమ కనీసం 1035 మీటర్లు ఉండాలి, అదీ తగిన నిఘా ఉంటేనే. ఆ మధ్యలో కనీసం 610 మీటర్లు ఎవరూ అడుగుపెట్టకూడని పట్టీ, దాన్నే నో ట్రాన్స్‌గ్రెషన్ జోన్ అంటారు. అది పోగా అటువైపు మీకు మిగిలేది దాదాపు 212 మీటర్లు. 180 నాట్ల వేగంతో 30 డిగ్రీల కోణంలో వచ్చి లోకలైజర్ దాటేశారంటే సెకనుకు 46 మీటర్ల చొప్పున పక్కకు జరుగుతారు, ఐదు సెకన్లు తిరక్కుండానే ఆ పట్టీలో ఉంటారు. "ఆటోపైలట్ పట్టుకుంటుందిలే" అని చూస్తూ కూర్చునేంత వ్యవధి కాదది.

అందుకే పని ముందే మొదలుపెట్టాలి. ఎడమ రన్‌వేనా కుడి రన్‌వేనా అన్నది క్లియరెన్స్‌లో (కంట్రోలర్ ఇచ్చే అనుమతిలో) విని, రీడ్‌బ్యాక్‌లో (దాన్ని తిరిగి చెప్పేటప్పుడు) తప్పకుండా పలికి, ఫ్రీక్వెన్సీ పెట్టి, ఐడెంట్ (ఆ లోకలైజర్ గుర్తింపు సంకేతం) సరిచూసుకోండి, ఎందుకంటే పక్క రన్‌వే లోకలైజర్ పెట్టుకుంటే దారి చూపే సూది మధ్యలోనే చక్కగా నిలబడుతుంది, మీరు మాత్రం ఇంకొకరి దారిలో ఉంటారు. టర్న్‌కి ముందు గాలి వెనకనుంచి తోస్తోందేమో చూడండి. తోస్తుంటే వేగం ముందే తగ్గించడానికి అడగండి, సూది కదలడం మొదలైనా విమానం తిరగకపోతే చేత్తో తిప్పేయండి. ఇద్దరూ లోకలైజర్ మీద కుదురుకునేదాకా ఏటీసీ (నేల మీది విమాన రాకపోకల నియంత్రణ) మిమ్మల్ని నిలువుగా 1000 అడుగులో, లేదంటే రాడార్ మీద 3 నాటికల్ మైళ్లో ఎడంగా ఉంచుతుంది, కాబట్టి ఇచ్చిన ఎత్తును కాస్త ముందుగా వదిలేసినా ఆ రక్షణను మీ చేత్తోనే తీసేసినట్టు.

రన్‌వేలు ఇంకా దగ్గరైతే విమానాలను ముందూవెనకలుగా, ఏటవాలుగా ఎడం పెట్టి దింపుతారు. అక్కడ చెప్పిన వేగమే ప్రాణం. కుదరకపోతే ముందే చెప్పేయండి.

ఇక బ్రేకౌట్, అంటే పక్క విమానం దారిలోకి వచ్చినప్పుడు మిమ్మల్ని అప్రోచ్ నుంచి పక్కకు తప్పించే ఆదేశం. దీన్ని గో అరౌండ్‌తో (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడంతో) కలిపేసుకునేవాళ్లే ఎక్కువ. గో అరౌండ్‌లో చార్ట్‌లో ఉన్న దారి ఉంటుంది, బ్రేకౌట్‌లో కంట్రోలర్ చెప్పిన హెడింగ్ (దిశ), చెప్పిన ఎత్తు తప్ప ఇంకేమీ లేదు, అది కిందికి దిగమనే ఆదేశం కూడా కావచ్చు. ఆటోపైలట్ తీసేసి చేత్తో వెంటనే తిరగండి. అలవాటుగా గో అరౌండ్ బటన్ నొక్కితే దిగమన్న చోట ఫ్లైట్ డైరెక్టర్ (విమానాన్ని ఎటు తిప్పాలో తెర మీద చూపే పరికరం) పైకి లేవమని చూపిస్తుంది, ఆ గందరగోళం ఆ క్షణంలో ఎవరికీ అక్కర్లేదు. అదే సమయంలో టీకాస్ (విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే పరికరం) ఆర్ఏ (ఎక్కమనో దిగమనో ఆదేశం) ఇస్తే ఎక్కడం దిగడం దాని మాట ప్రకారం, టర్న్ మాత్రం కంట్రోలర్ చెప్పినట్టు. 2002లో జర్మనీలోని యూబర్లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొన్నప్పుడు ఒకరు టీకాస్ మాట విని దిగారు, రెండోవారు పైకెక్కమన్న టీకాస్‌ని కాదని కంట్రోలర్ మాట విని దిగారు, 71 మంది పోయారు. ఈ రెండు ఆదేశాలూ కలిసి వస్తే ఏం చేస్తారో బ్రీఫింగ్‌లోనే పైకి అనుకోండి.

ఆకాశం బాగుంటే "పక్క విమానం కనిపిస్తోంది" అని మనమే ఒప్పుకుంటాం. అన్నాక ఎడం పాటించడం మన బాధ్యతే, కనుమరుగైతే సిగ్గుపడకుండా చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో 28 లెఫ్ట్, 28 రైట్ రన్‌వేల మధ్యగీతల నడుమ 750 అడుగులే. 2017 జూలై 7 రాత్రి అక్కడ 28 లెఫ్ట్ మూసేసి దీపాలు ఆర్పి ఉంటే, 28 రైట్‌కి రావాల్సిన ఎయిర్‌బస్ ఒకటి 28 రైట్ పక్కనున్న ట్యాక్సీవేని (విమానాలు నేల మీద నడిచే దారిని) రన్‌వే అనుకుని, నాలుగు విమానాలు బారులు తీరి ఉన్నచోట సుమారు 60 అడుగుల దాకా దిగి లేచింది. ఐఎల్ఎస్ ట్యూన్ చేసుకుని ఉంటే సూది పక్కకెళ్లి తప్పును చూపించేది. విజువల్ అప్రోచ్ అయినా సరే, దాన్ని పెట్టుకోవడానికి పట్టేది పది సెకన్లు.