ఎస్‌ఎఫ్-86 సబ్మిట్ కాకపోతే: నా అనుభవం

అమెరికాలో ఫెడరల్ ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) కోసం ఎస్‌ఎఫ్-86 అనే ఫారం ఆన్‌లైన్‌లో నింపాను. అంతా పూర్తయినా సెక్షన్ 11, అంటే పదేళ్ల నివాసాల దగ్గర ఎర్రర్ పోలేదు. బ్రౌజర్ మార్చాను, అందులో దాచిన పాత డేటా (cache) తీసేశాను, అడ్రస్‌లు మళ్లీ టైప్ చేశాను, లాభం లేదు.

చివరికి ఓ కాగితం మీద ఇప్పటి ఇంటి నుంచి వెనక్కి నెలలు రాసుకుంటూ వెళ్లాను. 2019 మేలో డల్లాస్ అపార్ట్‌మెంట్ ఖాళీ చేశాం, కొత్త లీజు ఆగస్టులో మొదలైంది. మధ్యలో ఎక్కడున్నానా అని పాత పాస్‌పోర్ట్ తీస్తే హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ ముద్ర కనిపించింది. విజయవాడలో అమ్మావాళ్లింట్లో ఉన్నాను! కొన్ని నెలలే కదా అని ఫారంలో వదిలేశాను, ఆ ఖాళీ వల్లే ఎర్రర్. ముందు ఆ ఇంటిని విడిగా చేర్చి, మే నుంచి ఆగస్టు వరకు అని ఇచ్చాను. తర్వాత ఉద్యోగాల వివరాలు అడిగే సెక్షన్ 13లో అవే నెలలకు నిరుద్యోగం అని చూపాను. నెల గట్టిగా గుర్తులేని చోట అంచనా అని టిక్ పెట్టాను. సేవ్ చేయగానే ఎర్రర్ పోయింది, ఫారం వెళ్లింది.

మీ సమస్య తేదీల ఖాళీ కాకపోతే ఇది పనిచేస్తుందని చెప్పలేను. ఖాళీ పూడ్చడానికి మాత్రం తేదీలు జరపకండి, తెలిసి తప్పు రాస్తే నేరం. సందేహముంటే మీకు ఫారం పంపిన సెక్యూరిటీ ఆఫీసర్‌నే అడగండి.