మూర్తిమత్వంపై మనోగతిక సిద్ధాంతాలు: ఒక్క ప్రవర్తనతో మొదలుపెట్టి చదవడం ఎలా?

మూర్తిమత్వాన్ని (పర్సనాలిటీ) గురించిన మనోగతిక (సైకోడైనమిక్) సిద్ధాంతాలను చాలామంది పట్టికలుగా చదువుతారు: ఒక వైపు సిద్ధాంతకర్త పేరు, మరో వైపు దశలు, వాటి పక్కన వయస్సులు. నేనూ మొదట అలాగే చదివాను. పరీక్ష గట్టెక్కింది గాని, ఎదుటి మనిషి ప్రవర్తన ఒక్కటి కూడా ఆ పట్టికతో అర్థం కాలేదు. నిజానికి ఈ సిద్ధాంతాలన్నీ ఒకే ప్రశ్నకు వచ్చిన వేర్వేరు జవాబులు: మనిషి లోపల ఏవి పెనుగులాడుతున్నాయి, ఆ పెనుగులాట ఎప్పటి నుంచి సాగుతోంది? ప్రశ్నను వదిలేసి జవాబులను కంఠస్థం చేస్తే, అవి ఒకదానితో ఒకటి ఎక్కడ విభేదిస్తాయో తెలియదు. కాబట్టి ముందుగా ఒక చిన్న ప్రవర్తనను ఎంచుకోండి.

ఒక ఉద్యోగిని నివేదికను గడువుకు మూడు రోజుల ముందే పూర్తి చేసిందనుకుందాం. కాని పంపదు. మొదటి పేరా మారుస్తుంది, మూసేస్తుంది, రాత్రి మళ్లీ తెరిచి పాత వాక్యాన్నే తిరిగి పెడుతుంది. గడువు దాటాక అడిగితే ‘ఇంకా సరిగ్గా రాలేదండీ’ అంటుంది. ఇంతవరకు చూసింది చూసినట్టు రాసుకోండి. ‘పిరికిది’, ‘బద్ధకస్తురాలు’ వంటి విశేషణాలు వద్దు. విశేషణం రాసిన మరుక్షణమే మన వెతుకులాట ఆగిపోతుంది.

ఇప్పుడు మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్‌తో మొదలుపెట్టండి. ఆయన 1923లో ప్రతిపాదించిన ఇడ్, ఈగో, సూపర్‌ఈగోలను మెదడులోని మూడు గదులుగా ఊహించుకోకుండా, మనసు చేసే మూడు రకాల పనులుగా చూడండి: కోరడం, సర్దుబాటు చేయడం, తప్పుపట్టడం. మన ఉదాహరణలో తప్పుపట్టే గొంతు గట్టిగా ఉందని ఎవరైనా చెప్పగలరు. అంతకంటే లోతైన విషయం, మనిషిని ఇబ్బంది పెట్టే ఇలాంటి లక్షణాన్ని ఫ్రాయిడ్ రెండు కోరికల మధ్య రాజీగా చూడటం. నివేదిక రాయడంలో విధేయత ఉంది, పంపకపోవడంలో ధిక్కారం ఉంది. ఒకే పనిలో రెండూ నెరవేరాయి, పైగా ధిక్కరిస్తున్నానన్న సంగతి ఆమెకే తెలియదు. అచేతనం అన్న మాటకు ఇక్కడ అర్థం ఇదే. ‘ఇంకా సరిగ్గా రాలేదు’ అన్న సంజాయిషీని హేతుకీకరణంగా, అంటే అసలు కారణాన్ని కప్పిపుచ్చే సబబైన సాకుగా గుర్తించవచ్చు. మనసు ఆందోళన నుంచి తనను తాను కాపాడుకునే ఇలాంటి రక్షక తంత్రాలను క్రమబద్ధంగా వివరించింది ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్, 1936లో.

బాల్యంలో సుఖం ఒక్కో శరీర భాగం చుట్టూ తిరుగుతుందని ఫ్రాయిడ్ చెప్పిన మనోలైంగిక దశల దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. అతి శుభ్రత, పిసినారితనం, మొండితనం అనే మూడు లక్షణాలను ఫ్రాయిడ్ 1908లో ఆసన దశతో, అంటే పిల్లలు మలవిసర్జనను అదుపు చేసుకోవడం నేర్చుకునే దశతో ముడిపెట్టాడు. మలవిసర్జన శిక్షణకూ పెద్దయ్యాక వచ్చే స్వభావానికీ నేరుగా లంకె ఉందనడానికి తరువాతి పరిశోధనలు గట్టి ఆధారం చూపలేదు.

ఆ తరువాత అదే ప్రవర్తనను 1911లో ఫ్రాయిడ్ నుంచి విడిపోయిన ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ ముందు పెట్టండి. ఇక్కడ ప్రశ్నే మారిపోతుంది: ఇది దేని వల్ల వచ్చింది అని కాదు, ఇది ఆమెకు దేనికి ఉపయోగపడుతోంది అని. పంపని నివేదికను ఎవరూ తక్కువ చేయలేరు. ‘సమయం ఉంటే అద్భుతంగా రాసేదాన్ని’ అన్న ఊహ చెక్కుచెదరదు, ఆత్మన్యూనత బయటపడదు. మరో మనోవిశ్లేషకురాలు కరెన్ హార్నై అయితే, తాను ఇలాగే ఉండి తీరాలి అంటూ మనిషి తనపై తానే రుద్దుకునే ఆజ్ఞలను వెతుకుతుంది. ఒకప్పటి ఫ్రాయిడ్ సహచరుడు కార్ల్ యూంగ్‌కు ఈ ఉదాహరణలో పెద్దగా పని లేదని నా అభిప్రాయం. అన్ని సిద్ధాంతాలనూ ప్రతి చోటా వాడి తీరాలన్న నియమమేమీ లేదు.

మనిషి వయస్సుతో పాటు ఎదిగే తీరు, అంటే వికాసం సంగతికి వస్తే, మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్‌సన్ ఎక్కువగా ఉపకరిస్తాడు. 1950లో ఆయన వివరించిన ఎనిమిది మనోసాంఘిక దశలలో, బడి వయస్సుకు చెందిన శ్రమశీలత–న్యూనత సంఘర్షణ మన ఉదాహరణకు దగ్గరగా ఉంది. అయితే వయస్సును బట్టి దశను అంటించడం పొరపాటు. వెనుకటి దశలో తేలని సంఘర్షణ తరువాతి దశలో కొత్త వేషంతో తిరిగి రాగలదన్నదే ఆయన వాదంలోని బలం. శిశువుకు తనను పెంచేవారితో ఏర్పడే బంధాన్ని గురించిన జాన్ బౌల్బీ అనుబంధ సిద్ధాంతం దీనికి మరో ప్రశ్న చేరుస్తుంది: నివేదికను చదవబోయే మనిషిని ఆమె మనసులో ఎలా చిత్రించుకుంది, ఆ చిత్రం మొదట ఎవరిది?

ఇన్ని జవాబులూ సరిపోతున్నట్టే కనిపిస్తాయి. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పిల్లవాడిని నీటిలోకి తోసిన మనిషినీ, పిల్లవాడిని కాపాడబోయి ప్రాణమిచ్చిన మనిషినీ ఫ్రాయిడ్, ఆడ్లర్ సిద్ధాంతాలు రెండూ సమానంగా వివరించగలవనీ, అన్నిటినీ వివరించడమే వాటి బలహీనత అనీ తత్వవేత్త కార్ల్ పాపర్ ఆక్షేపించాడు. పైగా బాల్యాన్ని గురించి ఫ్రాయిడ్ చెప్పినదంతా ప్రధానంగా పెద్దవాళ్ల జ్ఞాపకాల నుంచి వచ్చింది. ఒక పిల్లవాడి భయాన్ని గురించి ఆయన 1909లో ప్రచురించిన ‘చిన్న హాన్స్’ ఉదంతంలో సైతం ఆధారం ఎక్కువగా ఆ పిల్లవాడి తండ్రి రాసి పంపిన వివరాలే. బౌల్బీతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ మాత్రం శిశువులనూ తల్లులనూ నేరుగా పరిశీలించింది కాబట్టి, అనుబంధ సిద్ధాంతాన్ని పరీక్షకు పెట్టడం సాధ్యమైంది.

కనుక ప్రతి వ్యాఖ్యానం కింద, ఏది కనిపిస్తే దాన్ని వదులుకుంటారో ఒక వాక్యం రాసుకోండి. ఎవరికీ చూపనవసరం లేని సొంత డైరీని కూడా ఆమె ఇలాగే దిద్దుతూ కూర్చుంటే, ఆడ్లర్ పేరు కింద రాసుకున్నదాన్ని కొట్టేసి, సూపర్‌ఈగో దగ్గరికి తిరిగి వెళ్లండి.