సన్మానానికి ముందు పేర్లు సరిచూసుకోండి

సెప్టెంబరు 5న గురుపూజోత్సవానికి ఉత్తమ ఉపాధ్యాయుల సన్మానం పెడుతున్నారా? వేదిక అలంకరణ కంటే ముందు, అవార్డు అందుకునే ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయండి. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు వాళ్ల నోటితోనే చెప్పించుకుని తెలుగులో రాసుకోండి. జాబితా ఇంగ్లీషులో ఉంటే ‘వడ్డె’ కాస్తా ‘వద్దే’ అయిపోతుంది. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషి ఆ ఒక్క నిమిషం కోసం ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వస్తారు. అక్కడ పేరే తప్పు చదివితే ఆ బాధ శాలువాతో పోదు.

తర్వాత వాళ్ల బడిలో ఎవరినైనా అడిగి, ఒక్కొక్కరి గురించి ఒక నిజమైన సంగతి తెలుసుకోండి. ‘విద్యారంగానికి విశేష సేవలు’ అని అందరికీ ఒకే వాక్యం చదివితే ఎవరికీ గుర్తుండదు. ‘బడి మానేసిన పిల్లల ఇళ్లకు సాయంత్రాలు వెళ్లి, నలుగురిని తిరిగి తరగతిలో కూర్చోబెట్టారు’ అని చదవండి, హాలు మొత్తం తలెత్తి చూస్తుంది. నాకైతే సభకు ప్రాణం ఈ వాక్యమే అనిపిస్తుంది.

శాలువా, జ్ఞాపిక, ప్రశంసాపత్రం, ఫొటో అన్నీ కలిపి మనిషికి 2 నిమిషాలు వేసుకోండి. 20 మంది ఉంటే 40 నిమిషాలు. అందుకే ముందు సన్మానం, ఆ తర్వాతే అతిథుల ప్రసంగాలు. జ్ఞాపికలను పిలిచే వరుసలోనే బల్ల మీద పేర్చండి, కుర్చీలూ అదే వరుసలో. ఫొటోకి ఇంట్లోవాళ్లను కూడా వేదిక మీదికి పిలవండి. రేపు గోడకెక్కేది ఆ ఫొటోనే.