చార్టులో ‘ఫ్లేర్’ అని ఉంటే ముందు ఇవి చూడండి

అమెరికా పేషెంట్ల చార్టులు (వైద్య రికార్డులు) చదివి జబ్బులకి కోడ్‌లు వేసేవాళ్లకి ‘క్రానిక్ బ్యాక్ పెయిన్, ఫ్లేర్’ (దీర్ఘకాలిక వెన్ను నొప్పి, ఉన్నట్టుండి ఎక్కువైంది) అని కనిపిస్తే చాలు, అక్కడే పావుగంట పోతుంది, ఎందుకంటే అక్కడ వాడే జబ్బుల కోడ్‌ల జాబితా ఐసీడీ-10-సీఎంలో ఫ్లేర్‌కి విడిగా నొప్పి కోడ్ లేదు.

కంట్రోల్ ఎఫ్ కొట్టి నోట్‌లో ముందు ‘క్రానిక్’ వెతకండి, డాక్టర్ స్వయంగా రాసి ఉండాలి. తర్వాత కారణం తేలిందా చూడండి. చివరికి పేషెంట్ ఎందుకొచ్చారో చూడండి, కోడ్‌ల వరుస మారేది ఇక్కడే. కారణం తేలని నడుము నొప్పి, వచ్చింది కేవలం నొప్పి తగ్గించే ఇంజెక్షన్‌కైతే జి89.29 (దీర్ఘకాలిక నొప్పి కోడ్) ముందు, ఎం54.50 (నడుము నొప్పి కోడ్) తర్వాత. నొప్పి ఏంటో చూపించుకోడానికొస్తే ఎం54.50 ముందు, జి89.29 తర్వాత. ఈ రెండు వరుసలూ స్టిక్కీ నోట్ మీద రాసి మానిటర్‌కి అంటించుకోండి, రోజువారీ టార్గెట్ టెన్షన్‌లో బాగా పనికొస్తుంది.

జబ్బు ముందే తేలిపోయి, వచ్చింది దానికి వైద్యం కోసమే అయితే ఈ వరుస పనిచేయదు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటివాటికి ఆ జబ్బు కోడే వేయాలి, జి89 నొప్పి కోడ్ జోడించకూడదు. ఇక ‘క్రానిక్’ అనే మాటే లేకపోతే ఊహించి వేయొద్దు, డాక్టర్‌కి క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) పంపండి, అదీ జవాబు మనమే అందించినట్టు కాకుండా ‘నొప్పి ఏ రకమో దయచేసి స్పష్టం చేయండి’ అని.